పట్టంచు మాస్కు

బ్లీచింగ్ పొడి చల్లించాలి. నలభై రెండు ఇళ్లు తిరిగి జ్వరాలు రాసుకోవాలి. ముసలివాళ్లకు బీపీ మాత్రలు తెచ్చివ్వాలి. కొండప్ప మూతికి మాస్కు కట్టించాలి.

వార్డు వాలంటీరు సుచిత్ర రోజూ పొద్దున్నే నోటుబుక్కులో రాసుకునే పనులివి. మొదటి మూడూ పదిన్నరకల్లా అయిపోయేవి. నాలుగోది మాత్రం పదకొండు రోజులుగా ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి నడుస్తూనే ఉంది.

ధర్మవరంలో వాళ్ల మగ్గాల వీధికి రెండు చివరలా కట్టెలు అడ్డం కట్టేశారు. ఆరుగురికి కరోనా వచ్చింది, తగ్గింది కూడా. కట్టెలే కదల్లేదు. హిందూపురం నుంచి రావలసిన పట్టు వాటి అవతలే ఆగిపోయింది. సుచిత్ర నాయన మగ్గంతో సహా సగం మగ్గాలకు చప్పుడు లేదు. శుక్రవారం పెనుకొండ నుంచి ఒక మేడమ్ తనిఖీకి వస్తుంది. వీధిలో అందరి ముఖాలకూ మాస్కులుంటే కట్టెలు తీస్తారు. లేదంటే ఇంకో పద్నాలుగు రోజులు అంతే సంగతి.

కొండప్పది ఆ వీధిలో పెద్ద పేరు. పేరుకన్నా పెద్దది నోరు. ఆయన ఏది చేస్తే వీధి అది చేస్తుంది.

"కళ్లంలో ఎద్దు మూతికి చిక్కం కడతారు, గింజలు తింటాదని. నేనేం తింటాండానని కడతావు పాపా?" అన్నాడు సోమవారం.

మంగళవారం మాస్కు గడ్డం కింద వేలాడుతూ కనిపించింది.

"ముక్కుమీదికి లాగు చిన్నాయనా."

"ఈడుంటే ఏమ్మా? ముక్కు దాటుకోనొచ్చినా గొంతుకాడ ఆపుతాది."

వీధంతా విరగబడి నవ్వింది. సర్కారు ఇచ్చిన మాస్కులో చివరింటి యల్లక్క మజ్జిగ వడగట్టింది. నేతలో కొండప్పకు పోటీ అయిన ఎదురింటి సురేంద్ర తన మాస్కును దుమ్ము పడకుండా బండి హెడ్‌లైటుకు తొడిగాడు. సుచిత్ర ఇంటింటికీ తిరిగి చెప్పింది, పాంప్లెట్లు చదివి వినిపించింది. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. చదివి వినిపిస్తే జనం వింటారని అప్పటిదాకా ఆమె గట్టి నమ్మకం.

బుధవారం మాత్రలు ఇవ్వడానికి ఈరక్క ఇంటికి పోయి, గడపలోనే కూలబడింది. ఈరక్కకు ఎనభై దాటాయి. మగ్గం మీద పాత అచ్చు, అంటే నిలువు పోగుల పడుగు, అయిపోతే కొత్త అచ్చును పోగు పోగుకూ అతికే పని అరవై ఏళ్లు చేసిన మనిషి.

"ఇదేం కొత్తనా?" అంది ఈరక్క మాత్ర మింగి. "మా అవ్వ చెప్తాండె. ఎనకటికి పెద్ద జ్వరాలొచ్చినప్పుడు దొర వచ్చి మూతిగుడ్డలు పంచినాడంట. మా తాత దాంట్లో నశ్యం మూట కట్టుకున్యాడు. దొర మళ్లా వచ్చి, 'ఏదీ గుడ్డ, కట్టుకో' అన్యాడంట. ఈయప్ప దులపకుండా అట్లే కట్టుకున్యాడు. ఇంక తుమ్ములే తుమ్ములు! జ్వరం ముదిరిందనుకోని దొర గుర్రం కూడా ఎక్కకుండా పరిగెత్తినాడంట."

సుచిత్రకు ఏడవబోయి నవ్వొచ్చింది. ఈరక్క సర్కారు మాస్కును చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి చూసి, మూతి విరిచింది.

"మిల్లు గుడ్డ. పట్టు నేసేవాని మూతికి దీన్ని కడితే వాడు కట్టుకుంటాడా? సిగ్గు కాదా వానికి?"

ఆ సాయంత్రమే ఇంటింటి నుంచీ అంచు ముక్కలు తెప్పించింది ఈరక్క. లోపల రెండు పొరలు నూలుగుడ్డ ఉండాలని సుచిత్ర పట్టుబట్టింది. పైన పట్టు, కిందివైపు జరీ అంచు. ఈరక్క మొదటిది సురేంద్ర నేసిన అంచుతో కుట్టి కావాలనే అతనికి ఇచ్చింది, అదీ కొండప్ప చూస్తుండగా.

"నీ అంచుకు సాటి లేదబ్బా సురేంద్రా!" అని వీధికంతా వినబడేలా అంది.

గంట తిరక్కముందే కొండప్ప ఆమె గడపలో ఉన్నాడు.

"ఏం ఈరక్కా, నా అంచు కనపళ్యా నీ కండ్లకు?"

"మూతికి చిక్కం వద్దంటివి కదప్పా?"

"అది చిక్కం. ఇది పట్టు."

గురువారం చీకటి పడేలోగా ఈరక్క, ఇంకో నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక్కో ఇంట్లో ఎందరుంటే అన్ని మాస్కులు కుట్టేశారు. సుచిత్ర నిశ్చింతగా పడుకుంది.

శుక్రవారం పొద్దున వీధిలోకి వచ్చి చూస్తే ఒక్క మూతికీ మాస్కు లేదు.

"మాస్కు యాడ చిన్నాయనా?"

"బీరువాలో ఉండాది. పట్టుదమ్మా! పెండ్లికో పేరంటానికో పెట్టుకోవల్ల గానీ దినామూ పెట్టుకుంటే నలిగిపోదా?"

సురేంద్ర తన మాస్కును తెల్లగుడ్డలో చుట్టి కలరా ఉండ కూడా వేశాడట. యల్లక్క దేవుని గూట్లో పెట్టి బొట్టు పెట్టింది. జీపు రావడానికి అరగంట ఉంది. సుచిత్ర ఈరక్క దగ్గరికి పరిగెత్తింది.

"పట్టు బీరువాలోకి పోకుండా యాడికి పోతాది?" అంది ఈరక్క తాపీగా. "పెండ్లి అంటే మాత్రం బయటికొస్తాది."

సుచిత్రకు అబద్ధం అలవాటు లేదు. వెళ్లని ఇంటికి వెళ్లినట్టు ఏనాడూ రాయలేదు. అయినా నేరుగా యల్లక్క దగ్గరికి పోయింది.

"అక్కా, ఎవరికీ చెప్పొద్దు. ఆ మేడమ్ వాళ్లింట్లో పెండ్లి ఉండాదంట. అంచులు చూసి చీరలకు ఆర్డరు చెప్తాదంట."

ఎవరికీ చెప్పొద్దంటే యల్లక్క ఊరుకోదని వీధిలో అందరికీ తెలుసు. పది నిమిషాల్లో బీరువాలు తెరుచుకున్నాయి. మేడమ్ జీపు దిగేసరికి వీధి పొడవునా మెరిసే మూతులే. ఎరుపుకు పచ్చంచు, నెమలికంఠానికి బంగారంచు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కొండప్ప ముఖం ముందుకు చాచి ఆమె మీదికే నడిచాడు.

"దూరం, దూరం!" అని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"దూరం నుంచి అంచు తెలీదు మేడమ్, బాగా చూడండి" అని ఈయన మూడడుగులు ముందుకు వేశాడు.

అటు నుంచి సురేంద్ర వస్తున్నాడు. ఇద్దరి మధ్యా చిక్కి మేడమ్ గోడకు ఆనుకుని, అక్కడే కాగితం మీద సంతకం పెట్టేసింది. సాయంత్రానికి కట్టెలు తీశారు. మరునాడు హిందూపురం పట్టు వచ్చింది.

వారం చూసి కొండప్ప అడిగాడు. "పెండ్లి ఎప్పుడంటమ్మా?"

"పెండ్లి లేదు చిన్నాయనా. నేనే అబద్ధం చెప్పినా."

ఆయన ఆమెవైపు తిరిగాడు. మాస్కు ముక్కు మీదే ఉండటంతో కోపమో నవ్వో ఆమెకు తెలియలేదు.

"ఆయమ్మ నా అంచు చూసిందా ల్యాదా?"

"చూసింది."

"ఇంగేం మల్ల" అని మగ్గం గుంతలోకి దిగాడు.

నెలాఖరుకు సుచిత్ర ఆన్‌లైన్లో నివేదిక నింపింది. పంచిన మాస్కులెన్నో రాయడానికి గడి ఉంది, అవగాహన కల్పించిన అధికారి పేరుకు గడి ఉంది. ఈరక్క అధికారి కాదు. ఆమె పేరు ఎక్కడ కొట్టినా ఫారం ఒప్పుకోలేదు. అందుకే ఈ కథ. సర్కారు కాగితంలో ఆమెకు చోటు దొరకలేదు కాబట్టి, ధర్మవరం మగ్గాల వీధిలో ఈరక్క అనే ఆమె ఉందని దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి.