వంతెన ఎవరు కట్టారు

ఆ మనిషి బస్సెక్కినప్పటినుంచీ నాకు అనుమానమే. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు, కొళాయి నీళ్ళు తాగొచ్చా అని అడుగుతారు. ఇతను మాత్రం మొదటి సీట్లో కూర్చుని, నా మొహం మీదనుంచి చూపు తిప్పకుండా, నేనన్న ప్రతి ముక్కా నోటుబుక్కులో ఎక్కిస్తున్నాడు.

"అక్కా, లైసెన్సు ఆఫీసువాడేమో," అన్నాడు బస్సు నడిపే మా తమ్ముడు, మెల్లగా. "పోయిన నెల ఇంకో గైడు దగ్గర లైసెన్సు బిళ్ల లాక్కున్నది ఇలా వచ్చినవాడేనట."

నా చెయ్యి మెళ్ళో బిళ్ల మీదికి వెళ్ళింది. పన్నెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది అదే.

నేనేమీ శుద్ధపూసను కాను. మా ఊళ్ళో ఐదు భాషలవాళ్ళు ఐదు పేటల్లో ఉంటారు. నది మీది రాతి వంతెన ఎవరు కట్టారో ఎక్కడా రాసిలేదు. అందుకని బస్సులో ఏ భాషవాళ్ళు ఎక్కువుంటే వాళ్ళ తాతలే కట్టారని చెప్పేస్తాను. వాళ్ళు పొంగిపోయి రాళ్ళు నిమురుతారు. ఎవరి సొమ్మేం పోయిందిలే అనుకునేదాన్ని.

ఆ రోజు అద్దకాల పేటలోనూ, పాత బజారులోనూ ప్రతి తేదీకీ 'సుమారుగా' అని తగిలించాను. "మీదే ఊరండీ?" అని కూపీ లాగబోతే, "దూరమండి," అని మళ్ళీ పెన్ను తీశాడు. ఒళ్ళు మండింది.

వంతెన దగ్గర అందరికంటే ముందు దిగి కొత్త పేజీ తిప్పాడు.

"దీన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలీదండి," అన్నాను, గొంతు సవరించుకుని.

పెన్ను ఆగిపోయింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

అందరూ బస్సెక్కాక అతను నా దగ్గరికొచ్చాడు.

"నిరుడు మా అక్క మీ బస్సులోనే వచ్చిందండి. ఈ వంతెన మా తాతలే కట్టారని మీరు చెప్పారట. నాన్న మంచం పట్టారు. రోజూ అదే చెప్పించుకుంటారు. అక్కకి సగమే గుర్తుంది. మొత్తం రాసుకొచ్చి చదువుతానని మాటిచ్చానండి. ఇప్పుడేం చదవను?"

ఇదీ ఆఫీసువాడి ఎత్తేనేమో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

బిళ్ల తీసి సంచిలో వేశాను.

"రాసుకోండి," అన్నాను. "మొదటి రాయి పెట్టింది మీ తాతగారేనండి."