ఆరు మిషన్లు, పన్నెండు ఇళ్లు

గాయపడిన మనిషి మాస్కును ఉష కిందికి లాగింది. మెడలో వేలాడే కార్డు మీద ఉన్న పేరు రోజా. మాస్కు వెనక ఉన్న మొహం తన ఊరి కామమ్మది.

ఒక విదేశీ కంపెనీ మన దేశంలో పెట్టిన మొదటి బూట్ల ఫ్యాక్టరీ అది. తడ దగ్గర ఉంది. పనివాళ్లను చేర్చుకునే విభాగంలో ఉష గుమాస్తా. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తన ఊరి ఆడవాళ్లకు పని ఇమ్మని ఆమే అడిగింది. తైవాన్ నుంచి వచ్చిన మేనేజర్ లిన్ మేడమ్ ఆరుగురిని తీసుకుని, వాళ్లకు పూచీ నీదేనంది. తేడా వస్తే వాళ్లతోపాటు నువ్వూ ఇంటికేనని కూడా అంది. కుట్టే హాల్లో అందరికీ టోపీ, మాస్కు. కార్డు ఉందా లేదా అనే తప్ప మొహాలు ఎవరూ చూడలేదు. తడలో గది తీసుకుని ఉంటున్న ఉష ఊరికి పోయి మూడు నెలలైంది.

ఇప్పుడు మిషను సూది కామమ్మ చూపుడువేల్లో దిగి విరిగింది. ముక్క లోపలే ఉండిపోయింది.

ఎప్పటినుంచి ఇలా జరుగుతోందని ఉష గొంతు తగ్గించి అడిగింది. కామమ్మ పళ్ల బిగువున చెప్పుకొచ్చింది. సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందుకే చీట్లు వేసి ఇంటికో రోజు వంతు పెట్టుకుంటారు. మంచి చోటు ఏ ఒక్క ఇంటికీ సొంతం కాదు. ఊరి పెద్ద నరసయ్య ఈ ఉద్యోగాలకూ అదే పద్ధతి పెట్టాడు. పన్నెండు ఇళ్లు, ఆరు మిషన్లు, మనిషికో వారం. ముందు చేరినవాళ్లు ఇంటి దగ్గర పాత మిషన్ల మీద మిగతావాళ్లకు పని నేర్పారు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. కార్డు మిషనుదనుకున్నారు, మనిషిదని కాదు.

నర్సు కాగితం తెచ్చి ఉష ముందు పెట్టింది. బయట బండి సిద్ధంగా ఉంది. ఆస్పత్రికి పేరు కావాలి, పడని మందులేమైనా ఉంటే అవీ కావాలి. రోజా ఫైల్లో ఆ గడి ఎదురుగా ‘లేవు’ అని ఉంది.

ఉష కలం తీయడం చూసి కామమ్మ రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

“మే ఉషా, రోజా అనే రాయి. నా పేరు రాసి పన్నెండిళ్ల నోట్లో మట్టి కొట్టబాక.”

“నీకు నొప్పి తగ్గే సూదిమందు పడదు గదక్కా.”

“అది మా పిల్లోడు వినోద్ పుట్టినప్పటి మాట. వాళ్లడిగితే నేనే చెప్తాలే.”

“తెలివిలో ఉంటే గదా చెప్పేది.”

“చదువుకున్న పిల్లవని నమ్మినాం చూడు, మాదే తప్పు. నీ ఉజ్జోగం కూడా పోద్ది, తెలుసా?”

తెలుసు. వినోద్ పుట్టిన నాటి సంగతీ తెలుసు. ఆ సూది వేయగానే ఊపిరాడక నీలంగా మారిన ఈ మనిషిని మంచంతో సహా పడవెక్కించడం తను రేవులో నిలబడి చూసింది. ఉష చెయ్యి విడిపించుకుని కామమ్మ అని రాసింది. కింద ఆ మందు సంగతి రాసి సంతకం పెట్టింది.

బండి కదలకముందే లిన్ మేడమ్ వచ్చింది. ఉష ఏదీ దాచలేదు. మేడమ్ హాల్లోకి నడిచి, మిగిలిన ఐదుగురినీ మాస్కులు తీయమంది. ఒక్కటంటే ఒక్క మొహమూ కార్డుతో కలవలేదు. బల్ల మీది బూట్లు రెండు తీసుకుని కుట్టు గీరి చూసింది. ఆఫీసుకు తిరిగి వచ్చాక కార్డులన్నీ రద్దంది. ఉష తన కార్డు కూడా తీసి బల్ల మీద పెట్టింది.

రెండు గంటల తర్వాత ఆస్పత్రి నుంచి ఫోను. కాగితం చూసి డాక్టరు వేరే మందిచ్చాడట, సూదిముక్క వచ్చేసిందట. ఆ వెంటనే కామమ్మ గొంతు:

“మే, వచ్చే వారం రోజా వంతు. ఆమెకేం చెప్పాల?”

ఏమంటోందని మేడమ్ అడిగింది. ఉష ఉన్నదున్నట్టు చెప్పింది. కుట్టులో మాత్రం తప్పు లేదంటూ మేడమ్ ఉష కార్డును వేలితో ఆమె వైపే వెనక్కి జరిపింది. సోమవారం పన్నెండు మందినీ సొంత పేర్లతో రమ్మంది. మిషన్లు మాత్రం ఆరే. ఒక్కో మిషనుకు ఒక్క మనిషే, వంతుల్లేవు. ఎవరా ఆరుగురో పరీక్ష పెట్టి తేల్చాల్సింది ఉషేనంది.

ఉష తెల్ల కాగితం తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టింది. పన్నెండూ రాశాక, ఏ పరీక్ష పెట్టి ఆరింటిని కొట్టేయాలో తెలియక కలం మూసి పక్కన పెట్టింది.