మిక్సీ మూత దగ్గర మర్యాదలు

ఊరంతటికీ కబుర్ల కరువొచ్చినా ఆ ఇంటికి రాదు. ఎందుకంటే వసపిట్ట ఉండేది ఆ ఇంట్లోనే. ఏడేళ్ల పిల్ల. నిద్రలో కూడా ఎవరితోనో తగువు పెట్టుకునే రకం. అలాంటిది, టాన్సిల్స్ తీయించుకుని ఇంటికొచ్చినప్పటి నుంచి నోటికి తాళం వేసుకుంది. మాట లేదు, మింగడం లేదు. దుప్పట్లోంచి కళ్లు మాత్రం తిప్పుతోంది.

"సాయంత్రంలోగా చల్లగా ఏదో ఒకటి తాగించండి. తాగకపోతే తీసుకొచ్చేయండి, సెలైన్ ఎక్కిద్దాం" అని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట చెవిన పడగానే పిల్ల దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. సూదంటే దానికి చచ్చేంత భయం. అమ్మమ్మ గ్లాసు మీద గ్లాసు పట్టుకొచ్చింది.

మంచినీళ్లయ్యాయి, పళ్లరసమయింది. పెదవి విప్పితే ఒట్టు.

కూతురు డ్యూటీలోంచే ఫోన్ చేసి ఉపాయం చెప్పింది. "చాక్లెట్ మిల్క్‌షేక్ చేసివ్వమ్మా, దానికి ప్రాణం. కోకో ముందు గోరువెచ్చటి పాలలో కలుపు, లేకపోతే ఉండలు కడుతుంది. ఐసుముక్కలు మాత్రం వెయ్యకు, గొంతు గీసుకుంటుంది."

జన్మంతా కుట్టుమిషను తొక్కిన అమ్మమ్మ ఏనాడూ మిల్క్‌షేక్ చేసిన పాపాన పోలేదు. అయినా కొంగు బిగించింది. కోకోను మెత్తగా కలిపింది, చక్కెర వేసింది, చల్లటి పాలు పోసింది, పైన రెండు గరిటెల ఐస్‌క్రీమ్ వేసింది. ఆ వాసనకు పిల్ల దుప్పటితో సహా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఇక మిక్సీ. దాని మూతకు క్లిప్పు ఊడి ఏడాదయింది. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే అల్లుడికి ఇంట్లో క్లిప్పు వేసే తీరిక దొరకలేదు మరి. మూతను చేత్తో అదిమి పట్టుకోవాల్సిందే.

ఆ అల్లుడు బంగారంలాంటి మనిషి. కాకపోతే పెళ్లయి పదేళ్లయినా అత్తా అల్లుళ్ల మర్యాదలు నిన్ననే పెళ్లయినట్టుంటాయి. గుమ్మంలో ఎదురుపడితే "మీరు వెళ్లండి" అంటే "మీరు వెళ్లండి" అంటూ ఇద్దరూ అక్కడే పాతుకుపోతారు. అలా నిలబడే ఓసారి పాలు పొంగించారు కూడా.

మిక్సీ గుర్రుమంది. అమ్మమ్మ మూత అదిమింది. అల్లుడు పరుగున వచ్చి తనూ చెయ్యి వేశాడు.

"మీకెందుకండీ శ్రమ అత్తయ్యగారూ, వదలండి, నేను పట్టుకుంటా."

"అయ్యో, ఇప్పుడేగా పనిలోంచి వచ్చారు! మీరే వదలండి బాబూ."

"చేతులు నొప్పెడతాయండీ మీకు."

"సరే, మీ ఇష్టం" అని ఆవిడ చెయ్యి తీసింది.

"సరే, మీ మాట కాదంటానా" అని సరిగ్గా అప్పుడే ఆయనా తీశాడు.

మూత ఎగిరి గూట్లో పడింది. జార్‌లో సగం పైకప్పుకు, మిగిలింది అత్తగారి నెత్తికి, అల్లుడుగారి మీసాలకు సమంగా పంపకమయింది. ఆయన తడుముకుని మిక్సీ ఆపాడు.

అప్పుడు గుమ్మంలోంచి బొంగురు చప్పుడొకటి వచ్చింది. వసపిట్ట నవ్వుతోంది! నొప్పికి గొంతు పట్టుకుంటూ, కళ్లనీళ్లు కారుస్తూ నవ్వుతోంది.

"నాన్నా... నీ మీసం..."

మాట్లాడింది పిల్ల! పిల్ల దగ్గరికొచ్చి, అమ్మమ్మ గడ్డం మీద కారుతున్న చాక్లెట్‌ను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. కాసేపు బుగ్గనే ఉంచుకుంది. పెద్దవాళ్లిద్దరూ దాని గొంతు వైపే చూస్తున్నారు. గుటుక్కుమంది.

"చల్లగా ఉంది" అంది ఆశ్చర్యంగా. "గ్లాసులో పొయ్యవా?"

జార్ అడుగున చుక్క మిగల్లేదు. అమ్మమ్మ మళ్లీ కోకో కలిపింది. ఈసారి వసపిట్ట స్టూలెక్కి కూర్చుని పెత్తనం చేసింది.

"ఇద్దరూ పట్టుకోండి. అమ్మమ్మా, నువ్వు వదలకు. నాన్నా, నువ్వు అసలు మాట్లాడకు."

మిక్సీ తిరిగినంతసేపూ మూత మీద రెండు చేతులూ ఒకదాని మీదొకటి అలాగే ఉన్నాయి. పైకప్పు నుంచి ఓ చుక్క జారి సరిగ్గా అల్లుడి ముక్కు మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. చెయ్యి తీస్తే ఊరుకునేలా లేదు మరి, స్టూలు మీది అధికారి.