దేముడమ్మ కోడిగుడ్ల దొంగ

తెల్లారేసరికి పొదిగే బుట్టలో పదకొండు గుడ్లకు నాలుగే మిగిలాయి. అవి మామూలు గుడ్లు కావు, పొట్టికాళ్ల నికోబారీ కోడి గుడ్లు. దేముడమ్మ రెండేళ్లు బతిమాలితే రంగత్‌లో ఉన్న చెల్లెలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. బుట్ట చుట్టూ వాన బురదలో గోళ్ల గుర్తులు, వాటి మధ్య తోక ఈడ్చిన గీత. దొంగ ఎవరో ఊళ్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. మనిషంత పొడుగున్న నీటి ఉడుము.

దేముడమ్మ డిగ్లీపూర్ దగ్గరి ఆ పల్లెలోనే పుట్టి, అక్కడే యాభై ఏళ్లు దాటిన మనిషి. తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు గానీ, కోపం మాత్రం ఆవిడ స్వార్జితం. ఊరంతా వినేలా ఉడుమును తిట్టిపోసి, మరిది గవరయ్యను పిలిచింది. ఉడుమును చంపకూడదని చట్టం ఉందని ఆవిడకు తెలుసు. ఉడుము కూరంటే గవరయ్య పడిచస్తాడనీ తెలుసు.

"నువ్వు జాడ పట్టు ఒదినా. కుక్కల్ని తీసుకుని నీ పీఛే పీఛే వచ్చేస్తాను," అన్నాడు గవరయ్య.

అతను వచ్చేదాకా ఆగే ఓపిక ఆవిడకెక్కడిది? కత్తి చేతపట్టి బయల్దేరింది. జాడ వక్కతోట దాటి ఖాడీ వైపు తిరిగింది. సముద్రం నీరు ఊళ్లోకి దూరివచ్చే ఆ పాయలో పోయినేడు ఒక లేగదూడను మొసలి లాక్కుపోయింది. అప్పటినుంచి ఆడవాళ్లు అక్కడ బట్టలుతకడం మానేశారు, పీతల కోసం దిగడమూ మానేశారు. ఒడ్డున హెచ్చరిక బోర్డు పెట్టారు. బోర్డులు చదివే స్థితిలో దేముడమ్మ లేదు.

మడచెట్ల వెనక నడుమెత్తున ఆకులూ గడ్డీ కుప్పగా కనిపించాయి. ఈనడానికి అడవిపంది వేసుకున్న పక్క అనుకుంది. ఆ కుప్ప మీదే ఉంది దొంగ. తల లోపలికి దూర్చి, ముందుకాళ్లతో పరపరా తవ్వుతోంది.

"దొరికినావు కదా," అని కత్తి ఎత్తింది.

ఉడుము తల పైకెత్తింది. ఆవిడను కాదు, ఆవిడ వెనకనున్న నీటిని చూసింది. చూసిన మరుక్షణం పొదల్లోకి దూకేసింది. దేముడమ్మ వెనక్కి తిరిగేసరికి నీళ్లు రెండుగా చీలి, నోరు తెరిచిన మొసలి ఒడ్డెక్కుతోంది. పన్నెండేళ్ల వయసు తర్వాత ఆవిడ చెట్టెక్కింది లేదు. ఇప్పుడు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. చూసుకునేసరికి మడకొమ్మ మీద ఉంది, చీర సగం కింద చెట్టు వేళ్లకు తగులుకుని ఉంది.

మొసలి బుసకొడుతూ చెట్టు మొదట్లో నిలిచింది. అప్పుడు చూసింది దేముడమ్మ, ఉడుము తవ్విన గోతిలో తెల్లగా మెరుస్తున్న గుడ్లని. అది పందిపక్క కాదు, మొసలి గూడు. నలభైకి తక్కువ ఉండవు. అన్నీ మొసళ్లయి తమ ఖాడీలో తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకుని కొమ్మను రెండు చేతులా వాటేసుకుంది.

అంతలో గూటికి అవతల పొద కదిలింది. ఉడుము తిరిగొచ్చింది. మొసలి చూపంతా చెట్టు మీది మనిషి మీదే ఉందని కనిపెట్టిందేమో, మెల్లగా గోతిలో మూతి పెట్టి ఒక గుడ్డు మింగింది. తల పైకెత్తి, గొంతు సాగదీసి, ఇంకోటి.

మూడో గుడ్డుకు దేముడమ్మ భయం సగం పోయింది. ఐదో గుడ్డుకు సంతోషం పట్టలేకపోయింది.

"తినరా నాయనా. మెల్లగా తిను, గొంతుకడ్డం పడతాది," అంది గొణుగుతూ.

ఎనిమిది. తొమ్మిది. పెంకు పగిలిన చప్పుడుకు మొసలి తల తిప్పబోయింది. అది అటు పోతే తను దిగొచ్చు. కానీ ఉడుము?

"ఏయ్, ఇటు చూడు. ఇధర్ దేఖ్," అని అరిచి, ఇంకా చేతిలోనే ఉన్న కత్తి విసిరింది. అది మొసలి వీపు మీద పడి ఠంగున ఎగిరింది. మొసలి మండిపడి చెట్టు మీదికి లేచింది. ఆవిడ కాలికీ దాని దవడకీ మధ్య జానెడు కూడా లేదు. ఆవిడ కొమ్మను కరుచుకుని, కళ్లు మాత్రం గూటి మీదే ఉంచి, లెక్క తప్పకుండా లెక్కపెట్టింది. పదమూడు. పధ్నాలుగు. పదిహేను.

పదహారో దానికి మొసలి పసిగట్టేసింది. గిర్రున తిరిగి ఉడుము మీదికి పోయింది. అది పొదల్లోకి, మొసలి దాని వెనక. దేముడమ్మ చెట్టు దిగి, చిరిగిన చీర ఎగ్గట్టి, వక్కతోట దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తింది. భయంతో పరిగెత్తుతోందో సంబరంతో పరిగెత్తుతోందో ఆవిడే చెప్పలేకపోయేది.

తోట మొదట్లో గవరయ్య ఎదురొచ్చాడు. చేతిలో బల్లెం, తాడు కట్టిన రెండు కుక్కలు.

"అటు ఎల్లకు. మొసలి గూడుంది. ఊళ్లో అందరికీ చెప్పాలి, జంగిల్ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి," అంది రొప్పుతూ.

"అరే బాప్‌రే. అయితే ఉడుము ఇటే రావాలి కదేటి. ఇక్కడే కాస్తాను," అని గవరయ్య బల్లెం నేలకానించి నిలబడ్డాడు.

అతని వెనక, పదడుగుల దూరంలో, వక్కచెట్ల మధ్య చుట్టుతిరిగి వచ్చే కాలవలోంచి ఉడుము వస్తోంది. పొట్ట నేలకు రాసుకుంటోంది, పరిగెత్తే ఓపిక దానికి లేదు. కుక్కలు చెవులు నిక్కించాయి. ఇంకో క్షణంలో గవరయ్య వెనక్కి తిరుగుతాడు. రేపు ఆ ఉడుము మిగిలిన నాలుగు గుడ్ల కోసం మళ్లీ వస్తుందనీ ఆవిడకు తెలుసు.

"ఏ ఉడుము?" అంది దేముడమ్మ.

"ఏ ఉడుమేటి ఒదినా? నీ ఏడు గుడ్లు తినేసింది కదా. పొద్దున్నించీ ఊరంతా అరిచినావు."

"అది తిన్లేదు. నేనే ఉడకబెట్టుకు తిన్నాను."

"ఏడూనా?"

"ఆకలేసింది," అని దేముడమ్మ అతని చేతిలోంచి కుక్కల తాడు లాక్కుని, వాటిని ఈడ్చుకుంటూ ఇంటిదారి పట్టింది.