లోథార్ చెంప

నేను ఒక కత్తినండీ. కూరలు తరిగేదాన్నీ కాదు, యుద్ధానికెళ్ళినదాన్నీ కాదు. జర్మనీలో ఓ యూనివర్సిటీ ఊళ్ళో జమీందార్ల పిల్లలు పెట్టుకున్న సంఘం ఒకటుండేది. నన్ను వాళ్ళకోసం చేయించారు. నా పనేంటో చెప్తే నవ్వుతారు. మొహాలు కొయ్యడం!

పగా లేదు, గొడవా లేదు. ఇద్దరు కుర్రాళ్ళు కళ్ళకి ఇనప జోడు, మెడకి దళసరి పట్టీ కట్టుకుని ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. గెలుపోటములుండవు. తల పక్కకి తిప్పితే మాత్రం సంఘంలోంచి అవుట్. చెంప తెగినోడికి పెళ్ళికొడుకంత మర్యాద. తర్వాత వాళ్ళే జడ్జీలు, మంత్రులు. చెంప మీది ఆ గాటు చూసే ఒకళ్ళనొకళ్ళు పైకి లాక్కునేవాళ్ళు.

కొత్తగా చేరినోడు ఓ సీనియర్ని అన్నగా ఎంచుకోవాలి. లోథార్ అనే కుర్రాడు ఎగోన్‌ని ఎంచుకున్నాడు. నన్ను పట్టుకోవడం ఎగోనే నేర్పాడు. పోటీ రోజున అవతలివాడి దెబ్బకి లోథార్ చెంప పళ్ళు కనపడేలా చీలింది. అయినా తల పక్కకి తిప్పలేదండీ, నేను చూశాగా.

"ఒరేయ్ తమ్ముడూ, నన్ను మించిపోయావురా!" అని ఎగోన్ వాటేసుకున్నాడు.

ఇంతలో నాజీలొచ్చారు. యూదుల రక్తం ఉన్నోళ్ళని తీసెయ్యండి, లేకపోతే సంఘం మూసేస్తాం అన్నారు. లోథార్ వాళ్ళమ్మ యూదు. మీటింగు పెట్టారు. తనని ఉంచరని లోథార్‌కి తెలుసు. అన్న ఒక్కడు చెయ్యెత్తకపోతే చాలనుకున్నాడు.

తీసెయ్యాలన్నోళ్ళు చేతులెత్తమన్నారు. అందరివీ లేచాయి, ఎగోన్‌ది తప్ప.

"అన్నా, ఎత్తేదుంటే నా మొహం చూసి ఎత్తు."

ఎగోన్ తల పక్కకి తిప్పుకుని ఎత్తాడు.

"సంఘం బతకాలి కదరా. పరిస్థితి చక్కబడ్డాక మళ్ళీ పిలుస్తాం."

"సంఘం టోపీ ఇక్కడ పెట్టా. ఈ చెంప కూడా విప్పిచ్చెయ్యాలా?"

అనేసి లోథార్ బయటికెళ్ళిపోయాడు.

ఆ సంఘమన్నా బతికిందా? కొన్నాళ్ళకి దాన్నీ మూసేశారు. లోథార్‌ని యూదుల్ని బంధించే నాజీల క్యాంపుకి పట్టుకుపోయారట, తిరిగి రాలేదు.

ప్రపంచ యుద్ధం అయిపోయాక సంఘాన్ని మళ్ళీ తెరిచారు. నేనిప్పుడు అద్దాల బీరువాలో ఉన్నా. పక్కనే చెంపకి కుట్లతో లోథార్ ఫోటో. రిటైరైన జడ్జి ఎగోన్ గారు ఏటా కొత్త పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు.

"చూడండ్రా, ధైర్యమంటే ఇదీ. నా తమ్ముడు!"

"ఏమయ్యారు సార్ ఆయన?"

"యుద్ధంలో పోయాడు నాన్నా."

పిల్లలంతా ఫోటోకేసి బీరు గ్లాసులెత్తుతారు. ఎగోన్ గారు కళ్ళు తుడుచుకుంటారు. దొంగ ఏడుపైతే సరిపెట్టుకుందును. నిజంగానే ఏడుస్తాడండీ!