రెల్లులో నిలబడ్డ గుంజ

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికి వెళతారు, పిట్టలకు వెళ్ళేవాళ్ళు పిట్టలను చూడ్డానికి వెళతారు. మ్యూరియల్ గూచ్ పిట్టల మనిషి. పెళ్ళినాడు కూడా చర్చి గుమ్మంలో ఆగిపోయి, పైన గద్ద తిరుగుతోందని ఫొటో తీసేవాణ్ణి కాసేపు నిలబెట్టిన మనిషి. మొగుడు ఆల్బర్ట్ పోయినా, మోకాళ్ళు మొరాయించినా, ఊరి పిట్టల సంఘాన్ని రెల్లు మడుగుల్లోకి ముందుండి నడిపించేది ఆవిడే. అలా ముందు నడిచేవాళ్ళ చేతిలో ఒక చేతికర్ర ఉంటుంది, దాని పిడి బాతు తలలా చెక్కి ఉంటుంది. కర్ర ఎవరి దగ్గరుంటే పిట్ట పేరు తేల్చే మాట వాళ్ళది.

ఆ కర్రకే ఇప్పుడు ముప్పు వచ్చింది. మ్యూరియల్ కళ్ళకు శుక్లాలు ముసిరాయి. ఆపరేషన్‌కు ఆసుపత్రి నుంచి పిలుపు ఇంకా రాలేదు. కర్ర మీద కన్నేసినవాడు క్లిఫర్డ్ లార్టర్. బడిలో ఆవిడతో ఒకే బల్ల మీద కూర్చున్నవాడే, బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. చూపు మాత్రం డేగ చూపు. చెవులే పోయాయి. కూతురు కొనిచ్చిన చెవి మిషన్ అలమరాలో బిస్కెట్ల డబ్బాలో నిద్రపోతోంది.

మే నెల ఆదివారం అది. మడుగు ఒడ్డున, పిట్టలకు కనబడకుండా కూర్చుని చూసే చెక్క మాటు గుడిసెలో అందరూ బల్లల మీద సర్దుకున్నారు. క్లిఫర్డ్ దుర్భిణి దించకుండానే అన్నాడు.

"బిట్టర్న్ కొంగ. ఎదురుగా, రెల్లు అంచున. ముక్కు ఆకాశానికెత్తి నిలబడింది."

గుడిసెలో దుర్భిణులన్నీ అటు తిరిగాయి. రెల్లు రంగులోనే ఉండే ఆ కొంగ కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకుంటారు మరి. మ్యూరియల్ కళ్ళు చికిలించి చూసింది. పొడుగ్గా, గోధుమరంగుగా ఏదో ఉంది.

"అది గుంజ," అంది.

"ఏంటీ?"

"గుంజ అంటున్నానయ్యా. పడవలు కట్టేది. ఆల్బర్ట్ దానికి తాడు కట్టడం నా కళ్ళతో చూశాను."

"ఆ కళ్ళు అప్పటివి, మ్యూరియల్. ఇప్పటివి కావు."

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మ్యూరియల్‌కు ఒళ్ళు మండింది. "సరే. అది కొంగైతే ఈ కర్ర నీది. గుంజైతే కర్ర సంగతి మళ్ళీ ఎత్తకు."

"ఒప్పుకున్నాను. బెరిల్, నువ్వే సాక్షి."

బెరిల్ సంఘం కార్యదర్శి. ఫ్లాస్కులు, సాసేజ్ రోల్స్, తగువులు మోసేది ఆ పిల్లే. "నన్నెందుకు లాగుతారు మీ మధ్యలోకి," అని గొణుక్కుంది.

చూశారు, చూశారు. అది కదలలేదు. పైన, మడుగుల మీద వేటాడే జవుకు గద్ద ఒకటి తేలుతూ వచ్చింది. బాతులన్నీ గొల్లున లేచాయి. అది మాత్రం రవ్వంత కూడా కదలలేదు.

"చూశావా? ప్రాణమున్నదైతే గద్దను చూసి పారిపోదా?" అంది మ్యూరియల్.

"బిట్టర్న్ జడిస్తే పారిపోదు, ఇంకా బిగుసుకుంటుంది. నీకు తెలియనిదా?"

తెలుసు. తెలిసే అంది. ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకున్నా, పైకి సాసేజ్ రోల్ అందుకుంది.

గుడిసెలో చలి ఎక్కువైంది. ఒక్కొక్కరే దుర్భిణులు దించేశారు. చివరికి క్లిఫర్డ్ కూడా కళ్ళు నులుముకున్నాడు. "గుంజే అయ్యుంటుందిలే," అని ఫ్లాస్కు మీదకు వంగాడు. అందరూ సంచులు సర్దుకుంటూ తలుపు వైపు తిరిగారు.

సరిగ్గా అప్పుడే గుంజ ఒక అడుగు వేసింది.

మ్యూరియల్ కళ్ళు ఆర్పి మళ్ళీ చూసింది. మసక మసకగానే, గోధుమరంగు పొడుగు ఆకారం మెడ ముడుచుకుని, తీరిగ్గా మరో అడుగు వేసి రెల్లులోకి దూరిపోయింది. ఇంకెవరూ చూడలేదు. ఆవిడ నోరు మూసుకుని "పదండి" అంటే చాలు, కర్ర చచ్చేదాకా ఆవిడదే. బాతు తల మీద బొటనవేలితో ఒకసారి రాసింది. బిట్టర్న్‌ను గుంజ చేసి ఇంటికి వెళితే, రాత్రి ఆల్బర్ట్ ఫొటో వైపు ఎలా చూడాలి?

"క్లిఫర్డ్," అంది గట్టిగా. "ఒకసారి ఆ గుంజను చూడు."

"ఎందుకు, వెక్కిరించడానికా?"

"చూడమన్నానా."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. "గుంజ లేదు," అన్నాడు.

"లేదు. నడిచి వెళ్ళిపోయింది."

బెరిల్ తల పట్టుకుంది. "దీన్ని మన సంఘం ఎలా ఒప్పుకుంటుంది? కనీసం ఇద్దరు చూడాలి కదా."

"కొంగను నేను చూశాను, నడకను ఆవిడ చూసింది. ఇద్దరం కలిసి ఒక పిట్టను చూశాం, చాలదూ?" అన్నాడు క్లిఫర్డ్.

మ్యూరియల్ కర్ర చాపింది. అతను తీసుకుని, కొత్త పెళ్ళికొడుకులా వెన్ను నిటారుగా పెట్టి ముందు నడిచాడు. కట్ట మీద నాలుగడుగులు వేశారో లేదో, తుంగలోంచి ఏదో పిట్ట గడగడా వాగడం మొదలెట్టింది.

"క్లిఫర్డ్ గారూ, ఆ కూసేది ఏ పిట్ట?" అతని చెవి దగ్గర గట్టిగా అడిగింది బెరిల్.

క్లిఫర్డ్ కర్ర మీద ఆనుకుని గంభీరంగా ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు.

"తుంగపిట్ట," అని మ్యూరియల్ వెనక నుంచి మెల్లగా అందించింది.

"ఏంటీ?"

"తుంగపిట్ట."

"కాస్త గట్టిగా చెప్పవోయ్."

"తుంగపిట్టరా, చెవిటి మొహమా," అని ఆవిడ అరిచేసరికి మడుగంతా మారుమోగింది. తుంగపిట్ట ఠక్కున నోరు మూసుకుంది. ఒడ్డున పడుకున్న ఆవు లేచి నిలబడింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

క్లిఫర్డ్ ఒక క్షణం బాతు తల వైపు చూశాడు. తరవాత కర్రను తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వే నడువు," అన్నాడు. "నేను పక్కనే ఉంటాను. గుంజలు కనబడితే చెబుతాను."

"కదిలేవైతేనే చెప్పు," అని మ్యూరియల్ కట్ట మీద ముందుకు సాగింది.