సంద్రం చేపకు ఉప్పెందుకు

యాదమ్మ చందువ చేపకు రెండు పక్కలా గాట్లు పెట్టి, ఉప్పూ కారమూ దట్టించి పెనం మీద వేసింది. కట్టంగూర్ హైవే పక్కన మారెమ్మ దుకాణానికి తెల్లవారేసరికే బందరు నుంచి మంచు పెట్టెల్లో చేపలు దిగుతాయి. మధ్యాహ్నమైతే గ్రానైట్ గట్టు ముందు నిలబడి తినడానికి కూడా చోటుండదు. ఎక్కడి సముద్రం, ఎక్కడి కట్టంగూర్! ఎన్ని వేపినా యాదమ్మకు ప్రతి చేపా అబ్బురమే. నీళ్ళు విడిచి ఇంతదూరం వచ్చినా దాని కన్ను మెరుస్తూనే ఉంటుంది.

దుకాణంలో పనికి చేరిన కొత్తలో ఆమె చేసిన ఘనకార్యం చెప్పి మారెమ్మ ఇప్పటికీ నవ్విస్తుంది. ఈ మెట్ట మనిషికి సముద్రపు చేపంటే అంగట్లో దొరికే ఎండు ఉప్పు చేపే. ఉప్పు నీళ్ళలో పెరిగినదానికి మళ్ళీ ఉప్పెందుకని, ఒక్క పలుకు వేయకుండా వేపి పెట్టింది. తిన్నవాళ్ళు మొహాలు చిట్లించారు. నవ్వులపాలైంది పాపం.

మొగుడు వెంకటనర్సు మాత్రం నవ్వలేదు, మండిపడ్డాడు. మగ్గం మూలపడ్డా ఆయన మాట మూలపడలేదు. "మగ్గం ఇంటి ఆడిది సడక్ మీద చేపలు వేపుతదా?" అన్నాడు. ఆమె కష్టంతో వచ్చిన బియ్యం తిన్నాడు గానీ, ఆమె వేపిన చేప ముట్టలేదు, దుకాణం వైపు తొంగి చూడలేదు. ఒక్కసారి తిని బాగుందంటే చాలునని యాదమ్మ ఎన్నేళ్ళుగానో ఆశపడుతోంది.

ఇప్పుడాయనకు మూత్రపిండాలు చెడిపోయాయి. దవాఖానలో ఉప్పు మాన్పించారు. ఏడాదిగా చప్పిడి తిండి తిని నోరు చచ్చిపోయింది, మనిషి చిక్కి సగమయ్యాడు. ఇవాళ దవాఖాన నుంచి వస్తున్న ఆటో దుకాణం ముందు ఆగింది. వెంకటనర్సు దిగి, గట్టు పట్టుకుని నిలబడ్డాడు. మారెమ్మ గబగబా స్టూలు తెచ్చి గోడ వారగా వేసింది.

"ఏం దింటవ్?" యాదమ్మ అట్లకాడ పక్కన పెట్టి అడిగింది.

"నువ్వు వేపేదే వెయ్యి. ఉప్పు మాత్రం ఉండాలె. సప్పిడిది నాతోని కాదిగ."

యాదమ్మ ఉప్పు డబ్బా పక్కకు జరిపి, ఇంకో చేపకు ఉత్త కారం పట్టించి పెనం మీద వేసింది.

"సంద్రం చేపకు ఉప్పెందుకు? అండ్లనే ఉంటది," అంది.

గట్టు దగ్గర ఎవరో నవ్వబోయారు. మారెమ్మ కంటి చూపుతోనే వాళ్ళ నోరు మూయించింది.

వెంకటనర్సు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉప్పెరగక ఎండిపోయిన ఆ నాలుకకు ఏ రుచి తగిలిందో గానీ, తల ఊపాడు.

"ఉన్నది. సంద్రం ఉప్పు. మంచిగున్నది, యాదీ."

ఆమెకు ఏడుపు ఆగలేదు. పొయ్యి వైపు తిరిగి పొగను తిట్టుకుంది.

ఆయన ఒక్కో ముక్కా ఒలుచుకు తిని, నడిమి ముల్లు చేత్తో ఎత్తి చూశాడు. "గిది సూడు. మన మగ్గం మీద పోగులు దూరే ఈనెల అచ్చు లెక్కనే ఉన్నది. ఎవ్వడు కట్టిండో గానీ, ఒక్క ఈనె గూడ తప్పలే."

చేయి కడుక్కుని గోడకు ఆనుకున్నాడు. యాదమ్మ ఇంకో వాయి వేపి తిరిగి చూసేసరికి నిద్రపోయినట్టున్నాడు. మారెమ్మ వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వచ్చి పొయ్యి ఆర్పేసింది.

గట్టు మీద ఆయన ప్లేటులో ఆ ముల్లు ఒక్క ఈనె విరగకుండా, పిసరంత కండ మిగలకుండా, తెల్లగా ఉంది.